పద్దెనిమిదో ఏట ఓనమాలు

ఇంగ్లీషు సాహిత్యం ప్రధానాంశంగా పట్టా పుచ్చుకోదలచిన విద్యార్థి కళాశాల మెట్లెక్కేనాటికే పదేళ్లకు పైగా ఆ భాషతో కుస్తీ పట్టి ఉంటాడు. తెలుగు ప్రధానాంశంగా తీసుకున్నవాడి సంగతి సరేసరి. ఆ భాష అతనికి ఉగ్గుపాలతోనే వచ్చింది. కనుక అధ్యాపకుడు మొదటి వారంలోనే షేక్స్‌పియర్ నాటకమో మనుచరిత్రమో చేతికిచ్చి పాఠం ఆరంభించవచ్చు. ఇందుకు పూర్తిగా భిన్నమైన పట్టా ఒకటి ఉన్నది. దానికోసం చేరిన విద్యార్థి పద్దెనిమిదో ఏట, మీసకట్టు వచ్చిన తరువాత, పలక పట్టిన పసివాడిలాగా ఓనమాలు దిద్దుకోవాలి. అక్కడినుంచి మూడు నాలుగేళ్లలో ఒక మహానాగరికతను గురించి సొంతంగా పరిశోధనావ్యాసం వ్రాసే స్థితికి చేరుకోవాలి. ప్రధానంగా చైనా, జపాను, కొరియా దేశాలను అధ్యయనం చేసే ఈ శాఖకు ‘తూర్పు ఆసియా భాషలు, సంస్కృతులు’ అని పేరు.

అమెరికా విశ్వవిద్యాలయాలలో ఈ పట్టాకు విధించే నియమాలు చోటుచోటుకూ కొంత మారినా, మొత్తం మీద ఒకే అచ్చులో పోసినట్లుంటాయి. ఆ ప్రాంతపు భాషలలో ఒకటి ఎంచుకొని మూడేళ్లు, కొన్నిచోట్ల నాలుగేళ్లు చదవాలి. ఆ దేశపు నాగరికతను స్థూలంగా పరిచయం చేసే పాఠ్యాంశం ఒకటి, సాహిత్యం, చరిత్ర, మతం, కళలలో మరికొన్ని పూర్తిచేయాలి. పలుచోట్ల, ఎంచుకున్న దేశమే కాక దాని పొరుగుదేశాన్ని గురించి కూడా కొంత చదవాలి. చివరి సంవత్సరంలో చిన్న బృందంతో చర్చాగోష్ఠి, ఒక దీర్ఘవ్యాసం ఉంటాయి. కాగితం మీద చూస్తే ఇందులో భయపడవలసినదేమీ కనిపించదు. గంటలు లెక్కకట్టినప్పుడే అసలు చిక్కు బయటపడుతుంది.

తరగతి వారానికి అయిదు గంటలనుకుందాం. ఏడాదికి బోధన జరిగే వారాలు ముప్పయి. అంటే 150 గంటలు. మూడేళ్లకు 450, నాలుగేళ్లకు 600. అమెరికా విదేశాంగశాఖకు తన దౌత్యోద్యోగులకు భాషలు నేర్పే శిక్షణాలయం ఒకటి ఉన్నది. అక్కడివారి దీర్ఘానుభవం ప్రకారం, ఇంగ్లీషు మాతృభాషగా గలవారు ఉద్యోగానికి తగిన ప్రావీణ్యం సంపాదించడానికి స్పానిష్ వంటి భాషకు ఆరేడు వందల తరగతి గంటలు చాలు. చైనా, జపాను, కొరియా భాషలకు మాత్రం సుమారు 2,200 గంటలు పడుతుంది. పక్క గదిలో స్పానిష్ చదువుకున్నవాడు నాలుగేళ్లకు ఊరు చేరుకుంటే, ఇతడు ఇంకా నాలుగోవంతు దారి దగ్గరే ఉంటాడు. చేతిలో పట్టా మాత్రం ఇద్దరికీ ఒకటే. ఈ సంగతి చేరేముందు విద్యార్థికి చెప్పేవారు తక్కువ.

ఆ గంటలన్నీ ఎక్కడికి పోతాయి? చైనా ప్రభుత్వం 2013లో ప్రకటించిన ప్రామాణిక లిపి పట్టికలో 8,105 అక్షరాలున్నాయి. అందులో నిత్యవ్యవహారానికి కావలసినవని మొదటి తరగతిలో చేర్చినవే 3,500. జపానులో సామాన్య వినియోగానికి నిర్ణయించిన చైనా అక్షరాలు 2010 సవరణ తరువాత 2,136. వాటికి తోడు అక్కడ రెండు వేరువేరు అక్షరమాలలున్నాయి. కొరియా ఒక్కటే కాస్త కరుణ చూపుతుంది. సేజోంగ్ రాజు 1446లో ప్రకటించిన లిపిని శ్రద్ధగలవారు కొద్ది రోజులలో పట్టుకోగలరు. అయితే ఆ లిపి వెనుక చైనా నుంచి వచ్చిన మాటల రాశి దాగి ఉన్నదనీ, దాన్ని తప్పించుకోవడం సాధ్యం కాదనీ రెండో ఏడు గాని తెలిసిరాదు.

ఆ 2,200 గంటల లెక్క ఇంగ్లీషువారిది. తెలుగువారికి ఇందులో కొంత వెసులుబాటున్నది. ‘వతాషి వా హోన్ ఓ యోమిమాస్’ అన్న జపాను వాక్యాన్ని చూడండి. వతాషి అంటే నేను, హోన్ అంటే పుస్తకం, ఓ మన ‘ను’ విభక్తికి దీటైనది, యోమిమాస్ అంటే చదువుతాను. వరుస మార్చకుండానే తెలుగు వాక్యం తయారవుతుంది. క్రియ చివర రావడం, విభక్తి నామానికి వెనుక అతుక్కోవడం, ఎదుటివారి హోదానుబట్టి మాట మారడం ఇంగ్లీషు విద్యార్థికి నెలల తరబడి తలనొప్పి. ‘నువ్వు’కూ ‘మీరు’కూ తేడా చిన్ననాడే ఎరిగిన పిల్లవాడికి అది కొత్త కాదు. కొరియా భాషలోనూ ఇంతే. చిత్రమేమంటే మన దేశంలో ఈ భాషలు నేర్చుకొనేవారిలో చాలామంది ఇంగ్లీషులో వ్రాసిన పాఠ్యపుస్తకాలనే ఆశ్రయిస్తారు. తమకు సహజంగా తెలిసినదాన్ని, తెలియనివారికోసం వ్రాసిన వివరణ ద్వారా, చుట్టుదారిన తెలుసుకుంటారు. చైనా భాషకు మాత్రం ఈ సౌకర్యం లేదు. అక్కడి వాక్యక్రమం ఇంగ్లీషుకే దగ్గర. పైగా స్వరం మారితే అర్థమే మారిపోతుంది.

ఈ పట్టా ఇప్పటి రూపానికి రావడం వెనుక ఉన్న చరిత్రలో మొట్టమొదట గుర్తుంచుకోవలసిన వ్యక్తి ఆచార్యుడు కాదు, ఒక నౌకరు. న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయపు పూర్వవిద్యార్థి హొరేస్ కార్పెంటియర్ అనే సంపన్నుడి ఇంట్లో డీన్ లంగ్ అనే చైనీయుడు పనిచేసేవాడు. చైనా కూలీలను అమెరికాలో అడుగుపెట్టనీయని చట్టం 1882లోనే వచ్చింది. ఆ రోజులలో చైనావాడంటే వీధిలో పోయేవాడికి కూడా లోకువే. అలాంటి కాలంలో, 1901లో, డీన్ లంగ్ తాను కూడబెట్టుకున్న 12,000 డాలర్లను చైనా విద్యల బోధనకోసమని ఆ విశ్వవిద్యాలయానికి పంపాడు. యజమాని అంతకు ఎన్నోరెట్లు కలిపి ఇచ్చాడు. ఆ నిధితో ఏర్పడిన ఆచార్యపీఠం నేటికీ నౌకరు పేరుతోనే ఉన్నది. మరుసటి ఏడు చైనా రాజాస్థానం అయిదువేల పైచిలుకు సంపుటాల విజ్ఞానసర్వస్వాన్ని కానుకగా పంపింది. నిధి సమకూరింది, గ్రంథాలు సమకూరాయి. చదివేవారు మాత్రం చాలాకాలం వేళ్లమీద లెక్కించదగినంతమందే.

విద్యార్థులను ఒక్కసారిగా తెచ్చిపెట్టినది యుద్ధం. 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగింది. జపాను భాష వచ్చినవారికోసం అమెరికా నౌకాదళం దేశమంతా గాలించింది. కాలిఫోర్నియాలో శిక్షణ మొదలైంది గాని, బోధించేవారిలో అధికులు జపాను సంతతివారు. పశ్చిమతీరంలోని జపాను సంతతివారందరినీ ప్రభుత్వం ఖాళీచేయించి నిర్బంధశిబిరాలకు తరలిస్తున్నది. శత్రువులని ముద్రవేసి తరమవలసిన మనుషులే తన సైనికులకు గురువులు! అందువల్ల 1942లో బడినే కొలరాడోలోని బౌల్డర్‌కు మార్చవలసి వచ్చింది. వారానికి ఆరు రోజులు, రోజుకు నాలుగు గంటలు తరగతి. ఆపైన రాత్రి చదువు. ఏడాది తిరిగేసరికి ఆ విద్యార్థులు సుమారు 1,200 తరగతి గంటలు పూర్తిచేసేవారు. నేటి పట్టభద్రుడు నాలుగేళ్లలో చేసేదానికి ఇది రెట్టింపు.

ఆ శిక్షణలో తయారైనవారిలో డొనాల్డ్ కీన్, ఎడ్వర్డ్ సైడెన్‌స్టికర్ ఉన్నారు. యుద్ధం ముగిసిన తరువాత జపాను సాహిత్యాన్ని ఇంగ్లీషు పాఠకులకు అందించినవారిలో వీరిద్దరూ అగ్రగణ్యులు. కీన్‌కు సైన్యంలో అప్పగించిన పని, చనిపోయిన జపాను సైనికుల జేబులలో దొరికిన దినచర్య పుస్తకాలు చదవడం. సైనిక రహస్యాలకోసం వెదకమన్నారు. అతనికి కనిపించినవి ఆకలి, జ్వరం, ఇంటిమీది బెంగ. కడపటి పుటలో కొందరు, ఈ పుస్తకం దొరికినవారు యుద్ధానంతరం తమ ఇంటికి చేర్చవలసిందని ఇంగ్లీషులో వ్రాసుకున్నారట. కొన్నింటిని ఎలాగైనా చేర్చాలని కీన్ దాచిపెట్టుకున్నాడు గాని, పైవారు తనిఖీచేసి పట్టుకుపోయారు.

యుద్ధం తరువాత వచ్చినది రష్యావారి ఉపగ్రహం. 1957లో స్పుత్నిక్ ఎగిరింది. 1958లో అమెరికా జాతీయరక్షణ విద్యాచట్టం చేసి, విదేశీ భాషల బోధనకు ధనం పోసింది. భయం పుట్టినప్పుడు గాని పరాయిభాషకు బడ్జెటు పుట్టదన్నమాట. సరిగా ఆ సంవత్సరాలలోనే కొలంబియాలో విలియమ్ థియొడోర్ డి బారీ, అతని సహచరులు చైనా, జపాను, భారతదేశాల మూలగ్రంథాలనుంచి ఏర్చికూర్చిన అనువాద సంపుటాలను వెలువరించారు. ఒక్క చైనా అక్షరం రాని కుర్రవాడు కూడా కన్‌ఫ్యూషియస్‌ను చదివి చర్చించగల మార్గం ఏర్పడింది. నేటి పట్టాలో భాష ఒక పట్టాలమీద, సంస్కృతి ఇంకొక పట్టాలమీద సాగడం ఈ ఏర్పాటువల్లనే సాధ్యమైనది. ఉదయం తొమ్మిది గంటలకు ‘ఇది బల్ల, అది కుర్చీ’ అని చైనా భాషలో వల్లెవేసిన విద్యార్థే పదకొండు గంటలకు ఇంగ్లీషులో తావో తత్త్వాన్ని విమర్శిస్తాడు. నవ్వుకోవచ్చు గాని, ఇంతకన్న మంచి ఉపాయం ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు.

నిజమైన పేచీ వచ్చేది ప్రాచీనభాష దగ్గర. సంస్కృతం భారతదేశమంతటా పండితులను కలిపినట్లే, ప్రాచీన చైనా భాష కొరియా, జపాను, వియత్నాం పండితులను ఒక్క తాటిమీద నడిపింది. ఒకరి మాట ఒకరికి అర్థంకాకపోయినా, కాగితమూ కుంచే ఉంటే వ్రాసుకొని సంభాషించేవారు. ఆ భాషలో జరిగే ప్రభుత్వోద్యోగ పరీక్షలు కొరియాలో 1894లో, చైనాలో 1905లో, వియత్నాంలో 1919లో గాని ముగియలేదు. అంటే తూర్పు ఆసియా గతమంతా ఆ పేటికలో ఉన్నది. అయినా, ఉద్యోగం వెదుక్కోవలసిన విద్యార్థిచేత చచ్చిపోయిన భాష చదివించడమెందుకని కొన్ని విశ్వవిద్యాలయాలు దాన్ని ఐచ్ఛికం చేశాయి. కొన్ని మాత్రం ఒక్క ఏడాదైనా చదవవలసిందేనని పట్టుబడుతున్నాయి.

పట్టుబట్టేవారి పక్షాన లూ షున్ కథ ఒక్కటి చాలు. 1918లో వెలువడిన ‘పిచ్చివాడి దినచర్య’ ఆధునిక చైనా సాహిత్యానికి నాందిగా ప్రసిద్ధం. చుట్టూ ఉన్నవారంతా మనుషులను తినేవారేనని భయపడే ఒక మనిషి దినచర్య అది. దానికి ముందు చిన్న ఉపోద్ఘాతమున్నది: ఆ మనిషికి జబ్బు నయమైందనీ, ఇప్పుడు ప్రభుత్వోద్యోగం దొరుకుతుందని మరో ఊరు వెళ్లాడనీ. ఉపోద్ఘాతం మొత్తం ప్రాచీనభాషలో ఉన్నది. పిచ్చివాడి మాటలన్నీ జీవద్భాషలో ఉన్నాయి. వివేకవంతులు మృతభాష మాట్లాడుతున్నారు, సత్యం చూసిన పిచ్చివాడు నలుగురి భాష మాట్లాడుతున్నాడు. కథలోని చురక అంతా ఆ రెండు భాషల నడుమ ఉన్నది. వాడుక చైనా భాష మాత్రమే నేర్చిన విద్యార్థి ఉపోద్ఘాతం దగ్గర తడబడి, దాన్ని దాటి కథలోకి పోతాడు. అనువాదంలో చదివినవాడికి రెండూ ఒకే ఇంగ్లీషుగా కనిపించే ప్రమాదమున్నది.

ఈ విషయం తెలుగు పాఠకుడికి చప్పున తడుతుంది. హూ షీ అనే యువకుడు అమెరికాలో చదువుకుంటూ, ప్రాచీనభాషను విడిచి వాడుకభాషలో వ్రాయాలని 1917లో వ్యాసం ప్రకటించిన నాటికి, గిడుగు రామమూర్తి పంతులు ఇక్కడ అదే పోరాటంలో తలమునకలై ఉన్నారు. ఉపోద్ఘాతాన్ని గ్రాంథికంలోనూ, దినచర్యను వ్యావహారికంలోనూ పెడితే లూ షున్ వేసిన చురక ఇంగ్లీషులో కన్న తెలుగులోనే సూటిగా తగులుతుంది. కాని తెలుగులోకి వచ్చిన చైనా, జపాను రచనలలో అధికభాగం ఇంగ్లీషు గుమ్మం దాటి వచ్చినవి. ఆ గుమ్మం దగ్గర జారిపోయినదేదో తెలుసుకోవాలంటే మూలం చదవగలవాడు ఉండాలి. మూలం చదవగలవాడు కావాలంటే ఆ పాత భాష ఒక్క ఏడాదైనా చదివిఉండాలి.

పొరుగుదేశాన్ని చదవాలన్న నియమం మీద విద్యార్థులు గొణుగుతారు గాని, అది అకారణం కాదు. జపాను 1910 నుంచి 1945 వరకు కొరియాను పాలించింది. ఆ ముప్పయి అయిదేళ్ల కథ టోక్యోలో ఒకలాగా, సియోల్‌లో మరోలాగా వినబడుతుంది. ఒక్క దేశాన్ని ప్రేమించి దాని భాషే నేర్చినవాడు, తెలియకుండానే ఆ దేశపు వకీలుగా మారిపోగలడు.

భారతదేశంలో ఈ చదువుకు పునాది యుద్ధభయం మీద పడలేదు. రవీంద్రనాథ ఠాకూర్ 1927లో ఆగ్నేయాసియా పర్యటనలో కలుసుకున్న తాన్ యున్‌షాన్ అనే యువపండితుణ్ణి శాంతినికేతనానికి ఆహ్వానించాడు. మరుసటి ఏడు వచ్చిన ఆ పండితుడు విరాళాలు, గ్రంథాలు పోగుచేయగా 1937 ఏప్రిల్ 14న అక్కడ చీనాభవనం వెలిసింది. 1962 యుద్ధం తరువాతి కథ వేరు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో చైనా అధ్యయనశాఖ 1964లో ఏర్పడినప్పుడు, పక్కదేశాన్ని గురించి మనకేమీ తెలియదన్న గుర్తింపు వెనుక నిలిచి ఉన్నది. నేడు ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో, ఆ భాషలో ఒక్క ముక్క రాకపోయినా, ఇంటర్మీడియట్ పూర్తిచేసినవారు చైనా, జపాను, కొరియా భాషలలో బి.ఎ. ఆనర్సుకు ప్రవేశపరీక్ష వ్రాయవచ్చు. మన పద్ధతిలో బి.ఎ. స్థాయిలో భాషమీదనే దృష్టి ఎక్కువ. చరిత్ర, రాజకీయం వంటివి లోతుగా చదవాలంటే తరువాతి మెట్టుకు ఆగవలసిందే. గంటల లెక్క చూస్తే ఇదే న్యాయంగా తోస్తుంది. అయితే భాష వచ్చి, ఆ భాషలో ఏమి చదవాలో తెలియనివాడు చివరకు కంపెనీల సమావేశాలలో దుబాసీగా తేలే అవకాశమే హెచ్చు. అది గౌరవమైన వృత్తే, బాగా గిట్టేది కూడా. కాని చీనాభవనం కట్టినవారు కలగన్నది అంతవరకే కాదు.

ఈ చదువు మీద ప్రభుత్వాల చూపు వాతావరణంలాగా మారుతుంది. 2019లో వెలువడిన మన జాతీయ విద్యావిధానపు ముసాయిదాలో, ఉన్నత పాఠశాలలో నేర్పదగిన విదేశీ భాషలలో చైనా భాష ఉన్నది. 2020లో ఖరారైన పాఠంలో జపాను, కొరియా పేర్లు కనిపించాయి, చైనా పేరు కనిపించలేదు. పొరుగువాడితో తగవు వచ్చిందని అతని మాట వినడం మానుకుంటే తగవు తీరుతుందా? అమెరికాలో 2016కూ 2021కూ నడుమ కళాశాలలలో విదేశీ భాషలలో చేరినవారి సంఖ్య మొత్తం మీద 16.6 శాతం తగ్గింది. చైనా భాషలో చేరేవారూ తగ్గారు. కొరియా భాషలో మాత్రం 38 శాతం పెరిగారు. పాటలూ సినిమాలూ చేసిన పని ఏ విద్యాచట్టమూ చేయలేదు. పాటకోసం వచ్చినవారిని పండితులు చులకనగా చూడడం కద్దు. కాని కీన్ సైతం 1940లో న్యూయార్కు వీధి దుకాణంలో చవగ్గా, 49 సెంట్లకు, దొరికిందని ఆర్థర్ వేలీ అనువదించిన ‘గెంజి కథ’ కొనుక్కొని ఈ దారి పట్టినవాడే. ఆ వేలీ ఏ పట్టాకోసమూ జపాను భాష చదవలేదు. జపాను గడ్డమీద ఏనాడూ కాలుపెట్టలేదు.

ఈ చదువుకు పూనుకొనే పిల్లలూ, వారి తల్లిదండ్రులూ ప్రవేశపత్రం నింపేముందు విచారించవలసినవి కొన్ని ఉన్నాయి. వారానికి భాషాబోధన ఎన్ని గంటలు? ఆ దేశంలో ఒక ఏడాదో, కనీసం ఒక వేసవో చదివితే దాన్ని పట్టాలో లెక్కకు తీసుకుంటారా? ప్రాచీనభాష నేర్పే అధ్యాపకుడున్నాడా, లేక ప్రకటనలో పేరు మాత్రమే ఉన్నదా? చివరి వ్యాసానికి మూలభాషలోని గ్రంథం కనీసం పది పుటలైనా చదవాలన్న షరతు ఉన్నదా? ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబునుబట్టే ఆ విభాగం తన పేరులోని ‘భాషలు’ అన్న మాటను ఎంత మనస్ఫూర్తిగా పెట్టుకున్నదో తెలిసిపోతుంది. ఇంకొకటి కూడా అడగాలి: తరగతిలో చేరినవారు తక్కువైతే దాన్ని రద్దు చేస్తారా? పై తరగతులకు పోయేకొద్దీ విద్యార్థులు పలచబడడం ఈ భాషలలో సహజం. మూడో ఏట పాఠం ఎత్తివేస్తే మొదటి రెండేళ్ల శ్రమ గంగపాలు. అమెరికాలోని వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం 2023లో విదేశీ భాషల పట్టాలన్నిటినీ ఎత్తివేయ నిర్ణయించి, స్పానిష్, చైనా భాషల బోధనను మాత్రం కొద్దిగా మిగిల్చింది.

1941 శరత్కాలంలో కొలంబియాలో త్సునోడా ర్యూసాకు అనే వృద్ధాచార్యుడు జపాను తత్త్వచింతన చరిత్రను బోధిస్తానని ప్రకటించాడు. చేరినవాడు ఒక్క కీన్ మాత్రమే. తన ఒక్కడికోసం అంతటి పెద్దమనిషిని శ్రమపెట్టడమెందుకని ఆ కుర్రవాడు మానుకోబోయాడు. ఒక్కరు చాలునన్నాడు ఆచార్యుడు. మొదట్లో కొన్ని వారాలు తరగతి అలాగే నడిచింది. కీన్ వెళ్లేసరికి నల్లబల్ల నిండా ఆ రోజు పాఠానికి కావలసిన వాక్యాలు వ్రాసి ఉండేవి. ఆ కుర్రవాడు ఏదైనా ప్రశ్న వేస్తాడేమో, చూసి చెప్పవలసి వస్తుందేమోనని ఆచార్యుడు పుస్తకాలు దొంతరగా మోసుకొనివచ్చి బల్లమీద సిద్ధంగా పెట్టుకొనేవాడు.